అంచెలవారీ దత్తాంశ శుద్ధి: ‘పరకాల ఏ జిల్లా?’ అన్న ప్రశ్న ఆధారంగా ఒక వివరణ

వ్యాస సంగ్రహం

డేటా ఇంజనీరింగ్ ధ్రువపత్ర పరీక్షలకు సిద్ధమయ్యేవారు తప్పనిసరిగా చదవవలసిన అంశాలలో అంచెలవారీ దత్తాంశ శుద్ధి ఒకటి. కాంస్యం, రజతం, స్వర్ణం అన్న మూడు పేర్లతో వ్యవహరించే ఈ పద్ధతిని చాలామంది మూడు నిర్వచనాలుగా కంఠస్థం చేస్తారు. ఏ పని ఏ అంచెలో జరగాలి, అక్కడే ఎందుకు జరగాలి అన్న వివేచన నిర్వచనాల వల్ల అలవడదు. 2014లో రాష్ట్రం, 2016లోను 2021లోను జిల్లా మారిన పరకాల మండలాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ వివేచనను విశదీకరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: దత్తాంశ శుద్ధి, కాంస్య అంచె, రజత అంచె, స్వర్ణ అంచె, డేటా ఇంజనీరింగ్, జిల్లాల పునర్వ్యవస్థీకరణ, పరకాల, హనుమకొండ, వరంగల్.

1. ఉపోద్ఘాతం

పరకాల ఏ జిల్లాలో ఉంది? పరకాల బస్టాండులో నిలబడి అడిగితే హనుమకొండ జిల్లా అని చెబుతారు. అదే ప్రశ్నను ప్రభుత్వ పట్టికలను అడిగితే, సమాధానం ఆ పట్టిక ఏ సంవత్సరానిదో దానిని బట్టి మారుతుంది. 2011 జనగణనలో పరకాల ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, వరంగల్ జిల్లాలోని మండలం. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడడంతో రాష్ట్రం మారింది, జిల్లా మారలేదు. 2016 అక్టోబర్ 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పరకాల వరంగల్ రూరల్ జిల్లాలో చేరింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ జిల్లాలను హనుమకొండ, వరంగల్ జిల్లాలుగా మార్చినప్పుడు హనుమకొండ జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటనే ఉంది. పదేళ్ల వ్యవధిలో దాని చిరునామా మూడుసార్లు మారింది.

ఇది స్థానిక విశేషంగా మాత్రమే కనిపించవచ్చు. కాని పత్తి సాగు మీదనో, బడి మానేసిన పిల్లల మీదనో, వలసల మీదనో పదేళ్ల పట్టికలు కూర్చే పరిశోధకునికి ఇందులో ఒక ఉచ్చు ఉంది. 2011 నాటి ‘వరంగల్ జిల్లా’, నేటి ‘వరంగల్ జిల్లా’ పేరుకు ఒకటే. ప్రాంతానికి ఒకటి కావు. 2011లో వరంగల్ జిల్లా జనాభా 35,12,576. 2016లో ఆ జిల్లా ప్రధానంగా ఐదు జిల్లాలుగా విడిపోయింది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. చేర్యాల వంటి మండలాలు సిద్దిపేటకు వెళ్లాయి. ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ మండలాలు కరీంనగర్ జిల్లా నుంచి వరంగల్ అర్బన్‌లోకి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. ఇంకా వెనక్కి వెళితే, 1951 జనగణన నాటి వరంగల్ జిల్లాలో నేటి ఖమ్మం ప్రాంతం కూడా ఉంది. ఖమ్మం జిల్లా ఏర్పడింది 1953లో.

ఈ పట్టికలన్నింటినీ ‘జిల్లా పేరు’ ఆధారంగా కలిపితే కంప్యూటరు ఏ అభ్యంతరమూ చెప్పదు. పేర్లు సరిపోయాయి కనుక వరుసలూ కలిసిపోతాయి. వరంగల్ జిల్లాలో సాగు విస్తీర్ణమూ, బడుల సంఖ్యా, జనాభా అన్నీ ఒక్కసారిగా పడిపోయినట్లు పట్టిక చూపుతుంది. ఆ పతనానికి కారణాలు వెదుకుతూ ఒక అధ్యాయం రాసినా ఆశ్చర్యం లేదు. దోషం బయటపడకుండా ఉండడమే ఇక్కడి ప్రమాదం. అంచెలవారీ శుద్ధి ఇటువంటి దోషాన్ని పట్టుకోవడానికీ, పట్టుకున్న తరువాత సరిదిద్దుకునే దారి మిగుల్చుకోవడానికీ ఏర్పడిన క్రమశిక్షణ.

2. పేర్ల నేపథ్యం

ఈ పద్ధతిని ‘మెడాలియన్ ఆర్కిటెక్చర్’ అన్న పేరుతో ప్రచారంలోకి తెచ్చినది డేటాబ్రిక్స్ సంస్థ. అపాచీ స్పార్క్‌ను రూపొందించిన బర్కిలీ పరిశోధకులు 2013లో స్థాపించిన ఈ సంస్థ, 2019లో డెల్టా లేక్ అనే నిల్వ సాంకేతికతను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. మైక్రోసాఫ్ట్ ఫ్యాబ్రిక్ కూడా ఇవే పేర్లను స్వీకరించింది. కనుక డేటాబ్రిక్స్ అసోసియేట్ పరీక్షకు చదివినా, మైక్రోసాఫ్ట్ డీపీ-700 పరీక్షకు చదివినా ఈ మూడు పేర్లు ఎదురవుతాయి.

పేరు కొత్తదే గాని ఆలోచన కొత్తది కాదు. బిల్ ఇన్మన్ 1992లోను, రాల్ఫ్ కింబల్ 1996లోను ప్రచురించిన డేటా వేర్‌హౌస్ గ్రంథాల నాటికే, మూలవ్యవస్థల నుంచి వచ్చిన దత్తాంశాన్ని ఒకచోట దింపుకోవడం, ఏకరూపంలోకి తేవడం, ప్రశ్నలకు అనువుగా అమర్చడం అన్న దశలు స్థిరపడ్డాయి. 2010లో జేమ్స్ డిక్సన్ ‘డేటా లేక్’ అన్న మాటను వాడుకలోకి తెచ్చాక, అన్నింటినీ యథాతథంగా ఒకచోట పోసిపెట్టడం సులభమైంది. పోసినదానిలో ఏముందో తెలియని స్థితి కూడా వెన్నంటే వచ్చింది. చెరువు కాస్తా బురదగుంట అయిందన్న విమర్శకు సమాధానంగా పాత దశలే కొత్త పేర్లతో తిరిగి వచ్చాయని నా అభిప్రాయం.

పేర్లు ఒక అపోహకు కూడా దారి తీస్తున్నాయి. కంచును కరిగించి బంగారం చేసినట్లు దత్తాంశం ఒక రూపం వదలి మరొక రూపం పొందుతుందని విద్యార్థులు ఊహించుకుంటారు. వరంగల్ ప్రాంతంలో పత్తి ఉపమానం చెప్పడం పరిపాటి: ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తి జిన్నింగు మిల్లులో దూదిగా, అక్కడి నుంచి నూలుగా మారినట్లు. వినడానికి చక్కగా ఉన్న ఈ ఉపమానం అసలు చోట విఫలమవుతుంది. జిన్నింగు అయ్యాక గింజతో కూడిన పత్తి మిగలదు. అంచెలవారీ శుద్ధిలో మాత్రం మొదటి రూపం చెక్కుచెదరకుండా మిగలాలి. కాంస్యం రజతంగా మారదు. కాంస్యాన్ని చూసి రజతాన్ని తయారుచేస్తాం. రజతం పాడైతే పారవేసి మళ్లీ చేసుకోగలగాలి. ఈ ఒక్క విషయం గ్రహిస్తే మిగిలిన నియమాలలో చాలావరకు వాటంతట అవే బోధపడతాయి.

3. కాంస్య అంచె: వచ్చినది వచ్చినట్లు

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. పత్తి కొనుగోళ్ల మీద పరిశోధన చేస్తున్న ఒకరికి 2015, 2018, 2022 సంవత్సరాల మండలవారీ దస్త్రాలు మూడు లభించాయి. మొదటిదానిలో జిల్లా ‘వరంగల్’, రెండవదానిలో ‘వరంగల్ రూరల్’, మూడవదానిలో ‘హనుమకొండ’. మండలం పేరు ఒక దస్త్రంలో ‘పరకాల’, మరొకదానిలో ఆంగ్ల వర్ణక్రమాన్ని అనుసరించి ‘పర్కాల్’. ఒకదానిలో పరిమాణం క్వింటాళ్లలో, మరొకదానిలో టన్నులలో, ఇంకొకదానిలో బేళ్లలో. మన దేశంలో ఒక దూది బేలు 170 కిలోలు; కాని బేలు దూదికి కొలత, క్వింటాలు గింజతో కూడిన పత్తికి కొలత. కనుక 170తో గుణించినంత మాత్రాన లెక్క సరిపోదు, దూది దిగుబడి శాతం కూడా తెలియాలి.

ఈ దస్త్రాలను చూడగానే సరిదిద్దాలన్న ఆత్రుత సహజం. ‘పర్కాల్’ను ‘పరకాల’ అని, ‘వరంగల్ రూరల్’ను ‘హనుమకొండ’ అని మార్చి భద్రపరిస్తే పని తీరినట్లే అనిపిస్తుంది. కాంస్య అంచె నియమం దీనిని నిషేధిస్తుంది. ఇక్కడ మూలాన్ని దిద్దరాదు. దానికి కొన్ని వివరాలను జతచేయవచ్చు: ఏ దస్త్రం నుంచి వచ్చింది, ఏ తేదీన ఏ వేళకు వచ్చింది, ఎవరు పంపారు. సంఖ్యలను సైతం సంఖ్యలుగా మార్చకుండా అక్షరాలుగానే ఉంచడం మేలు. ‘35,12,576’ అన్న మన లక్షల పద్ధతిని కొన్ని సాధనాలు సంఖ్యగా గుర్తించలేక ఆ గడిని ఖాళీ చేస్తాయి. మూలమే అలా ఖాళీ అయితే తిరిగి తెచ్చుకునే మార్గం ఉండదు. తేదీల సంగతీ అంతే. ‘11/10/2016’ అన్నది మనకు జిల్లాలు ఏర్పడిన అక్టోబర్ 11. అమెరికా పద్ధతికి అమర్చిన సాధనానికి నవంబర్ 10. రెండూ చెల్లుబాటు అయ్యే తేదీలే కనుక అది తప్పని ఏ యంత్రమూ చెప్పదు.

కొత్తగా వచ్చిన దస్త్రంలో అదనపు నిలువు వరుస ఉంటే? డేటాబ్రిక్స్‌లోని ఆటో లోడర్‌లో, ముందుగా అనుకున్న నిర్మాణంలో ఇమడని విలువలను ప్రత్యేకంగా ఒక ‘రక్షిత’ వరుసలో దాచే సౌకర్యం ఉంది. పోగొట్టుకోవడం కంటె పక్కన పెట్టుకోవడం మేలన్న కాంస్య స్వభావానికి అది చక్కని నిదర్శనం.

తెలుగు శాఖల్లో పనిచేసే అధ్యాపకులకు ఈ సూత్రం అపరిచితం కాదు. గ్రంథ పరిష్కరణలో తాళపత్ర ప్రతిని ఎవరూ గీకి దిద్దరు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ పండితుల చేత అనేక కావ్యాల ప్రతులు సేకరింపజేసి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. లేఖకుని పొరపాటు అని పరిష్కర్త నిర్ధారించినది తరువాతి తరం వారికి అరుదైన పాఠాంతరంగా తోచవచ్చు. మూలప్రతి ఉన్నది కనుకనే ఆ పునర్విచారణ సాధ్యం. ‘వరంగల్ రూరల్’ అన్న మాట కూడా అటువంటిదే. అది తప్పు కాదు, ఆ కాలపు సత్యం.

4. రజత అంచె: ఒకే భాషలోకి తేవడం

అసలు శ్రమ ఇక్కడ ఉంది. పరీక్షల పాఠ్యపుస్తకాలలో ఈ అంచెను ‘శుభ్రపరచిన, పునరుక్తులు తొలగించిన, ఏకరూపత సాధించిన దత్తాంశం’ అని ఒక్క వాక్యంలో చెబుతారు. ఆ వాక్యంలోని ఒక్కొక్క విశేషణం వెనుక ఎన్ని నిర్ణయాలు దాగి ఉన్నాయో పరకాల ఉదాహరణ చూపుతుంది.

మొదటి నిర్ణయం: ‘పరకాల’ అంటే ఏమిటి? పరకాల ఒక పట్టణం, అనగా మున్సిపాలిటీ. పరకాల ఒక మండలం. పరకాల ఒక రెవెన్యూ డివిజన్. పరకాల ఒక శాసనసభ నియోజకవర్గం. నాలుగింటి పేరూ ఒకటే, హద్దులు వేరు. ఎన్నికల దస్త్రంలోని పరకాలను వ్యవసాయ దస్త్రంలోని పరకాలతో కలిపితే, అక్షరాలు సరిపోయినా అర్థం సరిపోదు. కనుక రజత పట్టికలో పేరుతో పాటు ‘ఇది ఏ స్థాయి’ అన్న వరుస ఉండాలి. వీలైతే పేరుకు బదులు సంకేత సంఖ్యను ఆధారం చేసుకోవాలి. హనుమకొండను హన్మకొండ అని కూడా రాస్తాము. ఆంగ్లంలోనూ ఒకటికి మించిన వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయి. సంకేత సంఖ్యకు ఆ బెడద లేదు.

రెండవది కాలానికి సంబంధించినది. మండలానికి ఒకే జిల్లా ఉంటుందన్న భావనతో పట్టిక నిర్మిస్తే, కొత్త జిల్లా రాసినప్పుడు పాతది చెరిగిపోతుంది. కింబల్ సంప్రదాయంలో దీనిని మొదటి రకం మార్పు అంటారు. పాతదాన్ని చెరపకుండా కొత్త వరుస చేర్చి, ఒక్కొక్క వరుసకు ‘ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు’ అన్న తేదీలు ఇవ్వడం రెండవ రకం. పరకాల మండలానికి రెండవ రకం పట్టిక ఇలా ఉంటుంది:

పరకాల – ఆంధ్రప్రదేశ్ – వరంగల్ – 2014 జూన్ 1 వరకు
పరకాల – తెలంగాణ – వరంగల్ – 2014 జూన్ 2 నుంచి 2016 అక్టోబర్ 10 వరకు
పరకాల – తెలంగాణ – వరంగల్ రూరల్ – 2016 అక్టోబర్ 11 నుంచి 2021 ఆగస్టు ఉత్తర్వు అమలయ్యే వరకు
పరకాల – తెలంగాణ – హనుమకొండ – ఆ నాటి నుంచి నేటి వరకు

ఇప్పుడు 2015 నాటి కొనుగోలు వరుస రెండవ పంక్తితోను, 2018 నాటిది మూడవ పంక్తితోను, 2022 నాటిది నాలుగవ పంక్తితోను జత కూడతాయి. పేరుతో పాటు తేదీ కూడా సరిపోవాలన్న నిబంధన వల్ల, ఉపోద్ఘాతంలో చెప్పిన ఉచ్చు ఇక్కడ విడిపోతుంది.

అయితే ఏ తేదీ? కొనుగోలు జరిగిన తేదీయా, దస్త్రంలో నమోదు చేసిన తేదీయా? 2021 ఆగస్టు తరువాత కూడా పాత నమూనా పత్రాలు వాడిన చోట ‘వరంగల్ రూరల్’ అని రాసి ఉండవచ్చు. అటువంటి వరుసను తేదీ ఒక జిల్లాకు, రాత మరొక జిల్లాకు లాగుతుంది. రెండు తేదీలనూ విడివిడిగా నిలుపుకుని, జిల్లాను జరిగిన తేదీని బట్టి నిర్ణయించి, రాతలో ఉన్న పేరును పక్క వరుసలో ఉంచడం నాకు సబబుగా తోస్తుంది. సందేహం వచ్చిన ప్రతిచోటా వరుసను తొలగించడం మాత్రం శుద్ధి అనిపించుకోదు.

ఈ సందర్భంలో నాణ్యతా నియమాల గురించి చెప్పాలి. డేటాబ్రిక్స్ ప్రవాహాలలో ఒక నియమానికి లోబడని వరుసను మూడు విధాలుగా ఎదుర్కోవచ్చు: లెక్కలో చూపి వరుసను ఉంచేయడం, వరుసను వదలివేయడం, మొత్తం ప్రవాహాన్ని ఆపివేయడం. ప్రత్యేకంగా ఏమీ కోరకపోతే మొదటిదే అమలవుతుందన్నది పరీక్షకు గుర్తుంచుకోవలసిన అంశం. ‘జిల్లా పేరు తెలంగాణలోని ప్రస్తుత 33 జిల్లాలలో ఒకటై ఉండాలి’ అన్న నియమం చూడడానికి ఎంతో సమంజసంగా ఉంటుంది. దానికి రెండవ పద్ధతిని జోడించి చూడండి. 2016 నుంచి 2021 వరకు ‘వరంగల్ రూరల్’ అని ఉన్న ప్రతి వరుసా, దానితో పాటు ‘వరంగల్ అర్బన్’ వరుసలూ రజత పట్టికలోకి రాకుండా పోతాయి. ఐదేళ్ల చరిత్ర ఒక సదుద్దేశపు నియమం వల్ల మాయమవుతుంది. 2015 నాటి ‘వరంగల్’ వరుసలు మాత్రం పేరు జాబితాలో ఉంది కనుక నిరాటంకంగా లోపలికి వస్తాయి. వెళ్లినవీ ఉన్నవీ రెండూ తప్పే. జాబితా నేటిది, దత్తాంశం నాటిది కావడమే దోషం. నియమాన్ని తేదీతో ముడిపెట్టాలి. అనుమానాస్పదమైన వరుసలను వేరే పట్టికలో నిలిపి ఉంచి మనిషి చేత చూపించాలి.

మూడవ నిర్ణయం పునరుక్తులకు సంబంధించినది. ఒకే దస్త్రం వేరే పేరుతో రెండవసారి వచ్చిందనుకుందాం. కాంస్యంలో రెండూ ఉంటాయి, ఉండాలి. రెండుసార్లు వచ్చిందన్నది కూడా ఒక వాస్తవమే. రజతంలో ఒకటే ఉండాలి. ఏ వరుసలు ‘ఒకటే’ అన్న నిర్వచనం మాత్రం విషయజ్ఞానం ఉన్నవారు చెప్పవలసినది. ఒక రైతు ఒకే రోజున ఒకే బరువుతో రెండు బండ్ల పత్తి అమ్మడం అసంభవం కాదు. రసీదు సంఖ్య లేనిదే ఆ రెండింటినీ పునరుక్తి అనడానికి వీలులేదు.

5. స్వర్ణ అంచె: ప్రశ్నకు తగిన పట్టిక

స్వర్ణం అంటే పరమ శుద్ధి అని అనుకోవడం పొరపాటు. శుద్ధి రజతంలోనే దాదాపు ముగుస్తుంది. స్వర్ణంలో జరిగేది కూర్పు: ఒక నిర్దిష్ట ప్రశ్న అడిగేవారికి అనువుగా కూడికలు, సగటులు, పోలికలు అమర్చడం. అందువల్ల ఒకే రజతం నుంచి అనేక స్వర్ణ పట్టికలు పుడతాయి; అవి ఒకదానితో ఒకటి సరిపోకపోయినా అన్నీ సరైనవే కావచ్చు.

‘2018లో వరంగల్ రూరల్ జిల్లాలో ఎంత పత్తి కొన్నారు?’ అని చరిత్రకారుడు అడుగుతాడు. ఆనాటి హద్దుల ప్రకారం లెక్క కట్టాలి. పరకాల ఆ లెక్కలో ఉంటుంది. ‘నేటి హనుమకొండ జిల్లా పరిధిలో పదేళ్లుగా కొనుగోళ్లు ఎలా మారాయి?’ అని జిల్లా ప్రణాళికాధికారి అడుగుతాడు. ఇప్పుడు నేటి హద్దులను వెనుకటి సంవత్సరాలకు వర్తింపజేయాలి. 2018 నాటి పరకాల కొనుగోళ్లు, ఆనాడు ఆ జిల్లా పేరే లేకపోయినా, హనుమకొండ ఖాతాలో పడతాయి. వరంగల్ రూరల్ నుంచి పరకాలతో పాటు నడికూడ, దామెర, ఆత్మకూరు, శాయంపేట మండలాలు హనుమకొండకు వచ్చాయి. వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు అటు వెళ్లాయి. కనుక ‘వరంగల్ అర్బన్ పేరు మార్చితే హనుమకొండ’ అన్న సులభ సూత్రం ఇక్కడ చెల్లదు. నేడు హనుమకొండలో 14, వరంగల్‌లో 13 మండలాలు ఉన్నాయి.

ఈ రెండు పట్టికలలోని 2018 సంఖ్యలు కలవవు. కలవకపోవడమే న్యాయం. ఏ పట్టిక ఏ హద్దుల ప్రకారం తయారైందో పట్టిక పేరులోనే తెలియజేయకపోతే, ఒకే శాఖ నుంచి రెండు సంఖ్యలు వచ్చాయన్న నింద తప్పదు. సమావేశాలలో సంఖ్యల మీద జరిగే వాగ్వాదాలు చాలావరకు లెక్క తప్పడం వల్ల గాక, రెండు ప్రశ్నలకు ఒకే పేరు పెట్టడం వల్ల జరుగుతాయని నేను గమనించాను.

రజతంలోనే జిల్లావారీ కూడికలు చేసి ఉంటే ఈ రెండవ ప్రశ్నకు సమాధానం ఉండేది కాదు. జిల్లా మొత్తంలో కలిసిపోయిన మండలాన్ని విడదీయలేము. రజతంలో వీలైనంత సూక్ష్మ స్థాయిని నిలుపుకోవాలని, కూడికలు స్వర్ణానికి వదలాలని చెప్పడానికి కారణం ఇదే.

6. పరీక్షలో ఎదురయ్యే మెలికలు

డేటాబ్రిక్స్ అసోసియేట్ పరీక్షలో మార్కులు లెక్కించే ప్రశ్నలు 45, వ్యవధి 90 నిమిషాలు. ప్రశ్నకు రెండు నిమిషాలు. నిర్వచనాలను సూటిగా అడిగే ప్రశ్నలకంటె, ఒక సన్నివేశం చెప్పి ఏ అంచె అని అడిగే ప్రశ్నలే అభ్యర్థిని తికమక పెడతాయి. ‘పట్టికలో జిల్లావారీ మొత్తాలు ఉన్నాయి, నివేదికలకు వాడుతున్నారు’ అంటే స్వర్ణం. ‘తేదీలను తేదీ రూపంలోకి మార్చి, ఖాళీ రసీదు సంఖ్యలున్న వరుసలను వేరుచేశారు’ అంటే రజతం. ‘దస్త్రం పేరు, వచ్చిన వేళ చేర్చారు, మిగిలినది మార్చలేదు’ అంటే కాంస్యమే. ఏదో ఒకటి చేర్చారు కదా అని రజతం వైపు మొగ్గరాదు. పట్టికలో ఏమి ఉందన్నదాని కంటె, దాన్ని చదివేవారు దేన్ని నమ్మి చదువుతున్నారో ఆలోచిస్తే సమాధానం త్వరగా స్ఫురిస్తుంది. కాంస్యాన్ని చదివేవారు ‘ఇది వచ్చినట్లే ఉంది’ అని నమ్ముతారు. రజతాన్ని చదివేవారు ‘ఇందులో ప్రతి వరుస ఒక్కసారే, ఒకే అర్థంలో ఉంది’ అని. స్వర్ణాన్ని చదివేవారు ‘ఇది నా ప్రశ్నకు సమాధానం’ అని.

మరొక మెలిక డెల్టా లేక్‌లోని గతరూప దర్శనానికి సంబంధించినది. పట్టిక గతంలో ఎలా ఉండేదో తిరిగి చూడగల సౌకర్యం ఉన్నప్పుడు కాంస్యం ఎందుకు, నేరుగా దిద్దుకుంటూ పోవచ్చు కదా అన్న ప్రశ్న తెలివైన విద్యార్థులే అడుగుతారు. ఆ సౌకర్యం శాశ్వతం కాదు. వాడుకలో లేని దస్త్రాలను తొలగించే ‘వాక్యూమ్’ ఆదేశం, ప్రత్యేకంగా మార్చుకోకపోతే, ఏడు రోజులు దాటిన వాటిని చెరిపేస్తుంది. 2021లో చేసిన పొరపాటును 2024లో గుర్తించినవారికి ఏడు రోజుల జ్ఞాపకశక్తి ఏ మూలకూ సరిపోదు. కాంస్యం ఉంటే, మండలాల చరిత్ర పట్టికను సవరించి, రజతాన్నీ స్వర్ణాన్నీ మళ్లీ నడిపించుకోవచ్చు. దస్త్రాలు ఇచ్చిన కార్యాలయానికి మరొకసారి వెళ్లనక్కరలేదు. ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం రావాలన్న నియమం కూడా ఇందుకోసమే.

7. పద్ధతి పరిధి

ప్రతి పరిశోధనకూ మూడు అంచెలు అవసరమని చెప్పడం నా ఉద్దేశం కాదు. రెండు వందల వరుసల సర్వే పత్రానికి, చేయి పెట్టని మూలప్రతి ఒకటి, పనిచేసే ప్రతి ఒకటి చాలు. అంచెల సంఖ్యకు పవిత్రత లేదు.

అన్నింటినీ కలకాలం దాచాలన్న కాంస్య స్వభావానికి చట్టపరమైన ఎల్ల కూడా ఉంది. కొనుగోలు దస్త్రాలలో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం ప్రకారం, సేకరించిన ప్రయోజనం తీరిన వ్యక్తిగత వివరాలను తొలగించవలసి ఉంటుంది. కొన్ని షరతులకు లోబడి పరిశోధనకు మినహాయింపు ఉన్నా దాని మీదనే ఆధారపడడం వివేకం కాదు. పరిశోధనకు అక్కరలేని వ్యక్తిగత వివరాలను కాంస్యంలోకి రాకముందే వేరుచేయడం మంచిది. ‘మూలాన్ని ముట్టరాదు’ అన్న నియమానికి ఇది నేను అంగీకరించే ఒకే ఒక్క మినహాయింపు.

ఇక ఏ అంచె వల్లా తీరని సమస్య ఒకటి మిగులుతుంది. నడికూడ మండలం పరకాల మండలం నుంచి విడివడి ఏర్పడినది. కనుక 2015 దస్త్రంలోని ‘పరకాల మండలం’ నేటి పరకాల, నడికూడ గ్రామాలు కలిసిన పెద్ద మండలం. నాటి దస్త్రం గ్రామవారీగా ఉంటే, ఏ గ్రామం నేడు ఏ మండలంలో ఉందో చూసి పంచవచ్చు. మండల స్థాయి మొత్తం ఒక్కటే ఉంటే పంచడానికి ఆధారం లేదు. జనాభా నిష్పత్తి ప్రకారం పంచవచ్చునని కొందరు అంటారు. పత్తి జనాభాను అనుసరించి పండదు. అటువంటి చోట రజత పట్టికలో నడికూడకు 2015 గడిని ఖాళీగానే ఉంచాలి. అంచనా అవసరమైతే స్వర్ణంలో వేరే వరుసలో, ‘అంచనా’ అన్న పేరుతో, ఏ నిష్పత్తి వాడారో పక్కనే రాసి చూపాలి. నేటి పరకాల మండలానికీ నాటి పరకాల మండలానికీ సంకేత సంఖ్యలు వేరుగా ఇవ్వడం కూడా మరువరాదు. పై పట్టికలో నేను నాలుగు పంక్తులతో సరిపెట్టాను గాని, ఈ విభజనను లెక్కలోకి తీసుకుంటే దానికి ఐదవ పంక్తి కావాలి.